లాభం, రెండు, మూడు

కళ్లంలో ధాన్యం కొలిచే మనిషి మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆ మాటను నోట రానివ్వడు. ఏడుపు తగులుతుందని ‘ఆరున్నొకటి’ అంటాడు. ఎనిమిది నుంచి మళ్లీ మామూలే. కుంచం బోర్లించిన ప్రతిసారీ గొంతెత్తి, కాస్త రాగం తీసి, చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ వినబడేలా చెబుతాడు.

ఆ కేక ఉత్త సెంటిమెంటు కోసం కాదు. రాశికి ఒకవైపు పంట పండించిన రైతు, ఇంకోవైపు కొనడానికి వచ్చిన షావుకారు, పక్కన తమ కూలి గింజల కోసం చేటలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు. వాళ్లలో చాలామందికి చదువు రాదు, కానీ చెవులున్నాయి. నలుగురి చెవిన పడ్డ లెక్కను తర్వాత ఎవరూ మార్చలేరు. అదే లెక్క మనసులో పెట్టుకుంటే అది కొలిచినవాడి ఒక్కడి సొత్తు.

వ్యాపారికి నమ్మకమే పెట్టుబడి అని అందరూ అనే మాటే. ఆ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చేదో, దాన్ని నిలబెట్టిన సామాను ఏమిటో చూస్తే కళ్లంలో వినబడిన కేకే మళ్లీ మళ్లీ వేరే రూపాల్లో ఎదురవుతుంది. తెలుగునాట చిల్లరకొట్టు, పాలవాడుక, కంసాలి కుంపటి ఏది తీసుకున్నా, కొనేవాడు సరిచూసుకోవడానికి ఏదో ఒక వీలు కల్పించిన వ్యాపారికే వాడుకలు నిలిచాయి. ఈ ‘వాడుక’ అనే మాటను కూడా ఒకసారి ఆగి చూడాలి. అలవాటుకూ అదే మాట, నిత్యం ఒకరి దగ్గరే పాలు పోయించుకునే ఏర్పాటుకూ అదే మాట. ఒప్పందం, సంతకం లాంటివేమీ అందులో లేవు. రోజూ జరగడమే దాని బలం.

కొలతల సంగతి ముందు చెప్పుకోవాలి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. తూకానికి వస్తే మద్రాసు రాజధాని జిల్లాల్లో వీశ అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కన దాదాపు 1.4 కిలోలు. ఎనిమిది వీశలు మణుగు, ఇరవై మణుగులు బారువ. నిజాం ఇలాకాలో 80 తులాల సేరు నడిచేది. వినడానికి ఇదంతా ముచ్చటైన ఎక్కంలా ఉంటుంది కానీ చిక్కు వేరే చోట ఉంది. పేరు ఒకటే అయినా కుంచం ఊరూరికీ మారేది. బేరం కుదిరాక ‘ఏ ఊరి కుంచం?’ అని అడగడం అనుమానపు మాట కాదు, అవసరమైన మాట. పైగా కుంచం మీద గోపురంలా నిలిచిన గింజల్ని ఉంచాలా, చేత్తో అంచు దాకా తుడిచెయ్యాలా అన్నది మరో తగువు. పుట్టి ధాన్యం కొలిస్తే ఎనభైసార్లు కుంచం నిండాలి. ఎనభైసార్లు గోపురం ఎవరి వాటాలోకి పోయిందన్నది చిన్న విషయమేమీ కాదు.

త్రాసుకూ ఇలాంటి కథే ఉంది. పాత కొట్లలో దూలానికి కొక్కెం, కొక్కేనికి త్రాసు వేలాడేది. తెలివైన షావుకారు సరుకు వెయ్యకముందే ఖాళీ తట్టల్ని పైకెత్తి, ముల్లు నిలిచేదాకా ఆగి కొనేవాడికి చూపించేవాడు. తట్టల బరువులో తేడా ఉంటే తేలికైన వైపు చిన్న రాయో ఇనుపముక్కో కట్టేవాడు. దానికే పాసంగం అని పేరు. ‘పాసంగం చూడు’ అని కొనేవాడు అడిగితే అమ్మేవాడికి కోపం రాకూడదు. అడగకముందే చూపించేవాడి కొట్టుకు పొరుగు వీధినుంచి కూడా వచ్చేవాళ్లు.

దొంగ తూకం భయం ఎంత పాతదో చెప్పడానికి కౌటిల్యుడి అర్థశాస్త్రం చాలు. తూనికలూ కొలతలూ చూడటానికే అందులో పౌతవాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. తూకపు రాళ్లు ఇనుముతోనో, మగధ, మేకల ప్రాంతాల రాతితోనో చెయ్యాలి, తడికి పెరగనివీ వేడికి తగ్గనివీ అయ్యుండాలి, నాలుగు నెలలకోసారి ముద్ర వేయించుకోవాలి అని రాశాడు. నేటి చట్టం ప్రకారం కొట్టులోని తూకపురాళ్లకు రెండేళ్లకోసారి ముద్ర వేయించుకోవాలి.

కొలత ముగిశాక మొదలయ్యేది కొసరు. సోలెడు నూనె కొలిచి పోశాక గరిటె వంచి పోసే నాలుగు చుక్కలు, వీశ వంకాయలు తూచాక పైన వేసే ఒక కాయ. అసలు కన్నా కొసరు ముద్దు అన్న సామెత ఊరికే పుట్టలేదు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ ఈ మాట ఉంది. తెలుగు భాష దీన్ని ఇంకో చోట వాడుతుంది. విస్తరి దగ్గర ‘చాలు చాలు’ అంటున్నా వినకుండా ఇంకో గరిటె వెయ్యడాన్ని ‘కొసరి కొసరి వడ్డించడం’ అంటారు. అంగట్లో బేరమాడి పుచ్చుకునేదానికీ ఇంట్లో ఆప్యాయంగా పెట్టేదానికీ ఒకే మాట! కొసరు వేసేటప్పుడు అంగడివాడు ఒక్క క్షణం ఇంటివాడవుతాడు. దాని ఖరీదు అర్ధణా కూడా ఉండదు. అయినా కొలతలో న్యాయం చేసి కొసరు మానేసినవాణ్ని జనం పిసినారి అన్నారు తప్ప మంచివాడని అనలేదు.

కొట్టుకు పంపిన పిల్లల చేతిలో చిన్న బెల్లంముక్కో గుప్పెడు పుట్నాలో పెట్టే అలవాటు కూడా ఈ కోవలోదే. ఏ కొట్టుకెళ్లాలో ఇంట్లో పెద్దలు చెప్పకపోతే, బెల్లంముక్క ఎక్కడ దొరుకుతుందో పిల్లలకు తెలుసు.

ఒకచోట కూర్చున్న చిల్లరకొట్టు కన్నా దూరం నుంచి వచ్చే వర్తకుడికి నమ్మకం కుదరడం కష్టం. దానికి తెలుగు నేల మీదే గొప్ప సాక్ష్యం ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల రేవు. అక్కడి వీరభద్రస్వామి ఆలయం దగ్గర 1244-45 నాటి గణపతిదేవుడి శాసనం ఉంది. అభయ శాసనమని దానికి పేరు. అంతకుముందు రాజులు గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ లాగేసుకునేవారని శాసనమే ఒప్పుకుంటుంది. ప్రాణాన్ని పణంగా పెట్టి సముద్రం దాటి వచ్చేవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ ముట్టబోమని మాట ఇస్తుంది. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒక వంతు అని రేటు చెబుతుంది. మంచిగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు అంటూ సరుకుల వారీగా ఎంతెంతో కూడా చెక్కించింది.

ఇందులో మెచ్చుకోవలసింది రాజు దయను మాత్రమే కాదు. రేటును రాతి మీద పెట్టడం అన్నిటికన్నా పెద్ద సంగతి. రేవులో దిగిన వర్తకుడు సుంకం వసూలు చేసే ఉద్యోగి నోటి మాట మీద ఆధారపడనక్కర్లేదు. రాయి దగ్గరికి పోయి చదివించుకోవచ్చు. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ తీరాన్ని ‘ముత్ఫిలి’ పేరుతో వర్ణిస్తూ సాలెగూడంత సన్నని బట్టల గురించి రాశాడంటే, గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి కాలానికి ఆ రేవు పేరు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. కాకతీయులు పోయాక ఆ హామీ కూడా పోయినట్టే అనుకున్నారేమో, 1358లో కొండవీటి అనవోతరెడ్డి మళ్లీ అక్కడే మరో శాసనం వేయించవలసి వచ్చింది. నమ్మకాన్ని తరం తరానికీ కొత్తగా చెక్కించుకోక తప్పలేదు.

తర్వాతి శతాబ్దాల్లో మచిలీపట్నానికి డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. వాళ్ల బట్టల వ్యాపారం నడిచింది రెండు ఆధారాల మీద. ఒకటి నేతగాళ్లకు ముందే ఇచ్చే బయానా, రెండోది నమూనా గుడ్డ. ఒప్పుకున్న నమూనా పక్కన నేసిన తాను పరిచి పోల్చేవాళ్లు. నమూనా ఇద్దరి కళ్ల ముందూ ఉన్నంతకాలం వాదనకు హద్దుండేది. బయానా తిరిగి ఇచ్చేసి ఇంకో వర్తకుడికి నేసే స్వేచ్ఛ కూడా నేతగాడికి ఉండేది. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ పాలకుడయ్యాక ఆ స్వేచ్ఛ కుంచించుకుపోయింది. ఒక పక్షానికే అధికారం దక్కిన చోట వాడుక నిలవదు.

ఇక ఖాతా. తెలుగు కొట్టు లెక్కల మాటలు చూస్తే సగం పారసీ, మరాఠీ దారిన వచ్చినవే. ఖాతా, జమ, ఖర్చు, బాకీ, ఆవర్జా, చిట్టా. ఏ రోజుది ఆ రోజు రాసేది చిట్టా. అందులోంచి మనిషి మనిషికీ విడదీసి ఎక్కించేది ఆవర్జా. పొడవాటి సన్నని పుస్తకం, ఎర్రగుడ్డ అట్ట, చుట్టూ తిప్పి కట్టే తాడు, మొదటి పేజీలో పసుపు బొట్టు, ‘శ్రీ’ అనే అక్షరం. కొత్త పుస్తకాన్ని కొందరు ఉగాదికి, కొందరు దీపావళికి తెరుస్తారు.

పట్నాల్లో నెలజీతం ఉద్యోగాలు పెరిగాక ఈ పుస్తకానికి ఒక తోబుట్టువు పుట్టింది. కొట్టులో ఒకటి, కొనేవాళ్లింట్లో ఒకటి. ఇంట్లోది చిన్న నోటుపుస్తకం. మూలన నూనె మరక, సంచిలో నలిగి మెత్తబడ్డ అంచులు. సరుకు తెచ్చుకునేటప్పుడు పుస్తకం వెంట తీసుకెళ్లాలి. షావుకారు ముందు తన పుస్తకంలో రాసి, తర్వాత అదే పద్దును ఇంటి పుస్తకంలో ఎక్కిస్తాడు. ‘కందిపప్పు కిలో, చింతపండు పావు, సబ్బులు రెండు.’ ఒకటో తారీకు జీతం రాగానే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి కూడతారు. మొత్తాలు కలిస్తే అడ్డంగా ఒక గీత, ‘చెల్లు’ అని ఒక మాట. కలవకపోతే ఏ పద్దు దగ్గర తేడా వచ్చిందో వేలుపెట్టి వెతుక్కుంటారు. ఎవరినీ దొంగ అనాల్సిన పని లేదు. పుస్తకాలు రెండు ఉండటంలోని మర్యాద అది.

పాలవాడుకకు పుస్తకం కూడా అక్కర్లేదు. గోడ మీద బొగ్గుతోనో సుద్దతోనో రోజుకో గీత. తర్వాత ఆ గీతలు వంటింట్లో వేలాడే వెంకట్రామా క్యాలెండరు గళ్లలోకి మారాయి. పాలు పోయని రోజు సున్నా, అరలీటరు ఎక్కువ పోస్తే పక్కన చిన్న గుర్తు. బట్టలుతికే మనిషికి చాకలి పద్దు ఉండేది. చదువు రాని ఆ మనిషి ఏ ఇంటి చీర అంచు మీద ఏ గుర్తు పెట్టాడో ఊరంతటివీ జ్ఞాపకం ఉంచుకునేవాడు. ఇంతటి నైపుణ్యానికి చరిత్ర పుస్తకాల్లో చోటు దొరక్కపోవడం అన్యాయమే.

అన్ని చోట్లా పుస్తకాలు రెండు లేవు. ఆ మాట దాచిపెట్టి పాత రోజుల్ని పొగడటం తప్పు. పల్లెల్లో అప్పు పుస్తకం ఎక్కువగా ఒకటే, అదీ ఇచ్చినవాడి దగ్గరే. గింజలు నాగుకు తెచ్చుకున్న కూలివాడు పంట చేతికి రాగానే ఒకటికి ఒకటిన్నర కొలవాలి. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు ఇంకో కుంచం అన్న ఫిర్యాదు ఊరూరా ఉండేది. కులం పేరుతో కొన్ని పేటలవాళ్లను కొట్టు మెట్లు ఎక్కనివ్వలేదు. దూరంగా నిలబెట్టి, డబ్బు నేల మీద పెట్టించి, సరుకును పైనుంచి పడేసేవాళ్లు. త్రాసు ముల్లు కనిపించనంత దూరంలో నిలబడ్డ మనిషికి పాసంగం సంగతి ఎలా తెలుస్తుంది? ఆ మనిషి చేసింది నమ్మడం అనుకోలేం. అతనికి వేరే దారి లేకుండా చేశారు.

పుస్తకం ఒక చేతిలోనే ఉంటే ఏమవుతుందో 1875లో దక్కన్ రైతులు చూపించారు. పూనా, అహమద్‌నగర్ జిల్లాల్లో షావుకార్ల ఇళ్లమీద పడ్డ జనం ధాన్యం కన్నా ముందు అప్పు పత్రాలూ లెక్కల పుస్తకాలూ అడిగి తీసుకుని తగలబెట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం 1879లో దక్కన్ రైతుల సహాయ చట్టం తెచ్చింది. డబ్బు కట్టినప్పుడు రసీదు, ఏటేటా లెక్క, అడిగితే పాస్‌బుక్కు రైతుకు ఇచ్చితీరాలని అందులో రాశారు. అంటే పట్నంలో గుమాస్తా ఇల్లాలి సంచిలో ఉండే రెండో పుస్తకాన్ని పల్లె రైతు చేతిలో పెట్టడానికి ఒక తిరుగుబాటు కావలసి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలోనూ గడీల నుంచి బయటికి లాగి మంటల్లో వేసినవాటిలో అప్పు కాగితాలున్నాయి.

కోర్టులకు కూడా ఈ సంగతి తెలుసు. 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షను ప్రకారం పద్ధతిగా రాసిన వ్యాపారపు లెక్కల పుస్తకం సాక్ష్యంగా పనికొస్తుంది. కానీ ఆ పుస్తకం ఒక్కటే చూపించి ఎవరి మీదా బాకీ మోపడం కుదరదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ నియమం అలాగే ఉంది. అప్పు నోటుకు మూడేళ్ల గడువు, గడువులోగా కొంత కట్టి వెనక ‘చెల్లు’ రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్ల ఆయుష్షు. దాటితే కాలదోషం. కాలదోషం పట్టిందని తెలిసినా తండ్రి పేరున ఉన్న బాకీ తీర్చి, కొట్టు పుస్తకంలో ఆ పేరు మీద గీత కొట్టించుకున్న కొడుకుల్ని చూసినవాళ్లు తెలుగు ఊళ్లలో ఇంకా ఉన్నారు.

స్వాతంత్య్రం వచ్చిన పదేళ్లకు చిల్లరకొట్లకు పెద్ద పరీక్ష వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు మొదలయ్యాయి. పదహారణాల రూపాయి నూరు పైసలైంది. అణాకు ఆరుంపావు పైసలు. ఆ పావు పైసా ఎక్కడుంది? అణా సరుకు కొన్న మనిషికి ఆరు పైసలు చెప్పాలా, ఏడు చెప్పాలా? 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా వచ్చిపడ్డాయి. వీశ పోయి కిలో వచ్చింది. తరాలుగా చేతికి అలవాటైన బరువు, నోటికి అలవాటైన ధర రెండూ ఒక్కసారే మారాయి. వీశ బెల్లం ధర తెలిసిన ముసలమ్మకు కిలో ధర చెబితే అది ఎక్కువో తక్కువో తేల్చుకోవడం ఎలా? కొత్తరాయి పక్కనే పాతరాయి కూడా పెట్టి, రెండింటి తేడా తూచి చూపించిన కొట్టువాడు ఆ రోజుల్లో గెలిచాడు. పట్టికలు గోడకు అతికించినవాడు సగం గెలిచాడు, ఎందుకంటే చదవగలిగేవాళ్లు సగం కూడా లేరు.

రోజూ కొనే పప్పూ ఉప్పూ విషయంలో మోసం జరిగితే వారంలో బయటపడుతుంది. బంగారం అలా కాదు, అమ్మేదాకా బయటపడదు. అందుకే కంసాలి దగ్గర గీటురాయి. నల్లరాయి మీద నగను గీసి, పక్కన తెలిసిన వన్నె బంగారాన్ని గీసి, రెండు గీతల్నీ ఎండ వెలుగులో చూపిస్తాడు. ఆ రాయి పేరు తెలుగులో ఏ విషయాన్నయినా తూచే ప్రమాణానికి మారుపేరైంది. 2021 జూన్ నుంచి దేశంలో చాలా జిల్లాల్లో హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ నుంచి ఒక్కో నగకూ ఆరు అక్షరాల, అంకెల సంకేతం ఉంటుంది. గీత కళ్లకు కనిపించేది, సంకేతాన్ని ఫోనులో వెతకాలి.

మందుల వ్యాపారంలో గీటురాయి లేదు. ఒళ్లే గీటురాయి. ఈ సంగతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుకు బాగా తెలుసు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త ఊరు, కొత్త మందు, పేరు తెలియని తెలుగు మనిషి. ఆయన సంగీత సభలకు వెళ్లి వచ్చినవాళ్లకు అమృతాంజనం ఉచితంగా పంచారు. కచేరీ వింటూ ఎవరో నుదుటికి రాసుకుంటే, ఆ ఘాటు పక్క కుర్చీ దాకా పోతుంది. తలనొప్పి తగ్గిందో లేదో రాసుకున్నవాడికే తెలుస్తుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా ఒక్కొక్క నుదుటా నమ్మకం సంపాదించిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. 1914లో మద్రాసు చేరి దినపత్రికైంది. తెలుగు పత్రికారంగానికి ఊపిరిపోసిన సొమ్ములో పసుపుపచ్చ సీసా వాటా ఎంతో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఎర్రట్ట పుస్తకాలు తగ్గాయి. ఖాతాబుక్కు లాంటి ఫోను యాపులు వచ్చాక కొట్టువాడు పద్దు ఎక్కించగానే కొన్నవాళ్ల ఫోనుకు సందేశం వెళ్తుంది. రెండో పుస్తకమే వేరే ఒంటితో తిరిగొచ్చినట్టు. 2016లో యూపీఐ వచ్చింది. ఆ తర్వాత బల్ల మీదికి ఒక చిన్న డబ్బా చేరి, డబ్బు పడగానే ఎంత పడిందో గట్టిగా తెలుగులో చెబుతోంది. వీధంతా వినబడుతుంది, కళ్లంలో కుంచం బోర్లించినప్పటిలాగే. ఆ డబ్బా ఏడును ఏడనే అంటుంది.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలైనప్పుడు ధరలు బోర్డు మీద రాసిపెట్టడం వాటి ముఖ్య నియమం. నేటికీ ఉదయం ఆరింటికే బోర్డు మీద సుద్దతో అంకెలు మారతాయి. తూకం మిషను మీద ఎర్ర అంకెలు అమ్మేవాడి వైపూ కొనేవాడి వైపూ వెలుగుతాయి. కిలో టమాటాలు తూచారు. అంకె 1.010 దగ్గర ఆగింది. ఇంత కచ్చితంగా చూపించే మిషను ముందు బేరానికి ఏమీ మిగలకూడదు. అయినా సంచి మూతి తెరిచి పట్టుకున్న ఇల్లాలు కదలదు. అమ్మే అతను ఒకసారి ఆమె ముఖం చూసి, పక్క గంపలోంచి కరివేపాకు రెబ్బ ఒకటి తుంచి, మిషను మీద పెట్టకుండా నేరుగా సంచిలో వేస్తాడు.